గల్ఫ్ వదిలి ఊరికి: అక్కడి లెక్క ముగించేదెలా, ఇక్కడ మొదలుపెట్టేదెలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ గల్ఫ్ నుంచి శాశ్వతంగా తిరిగొస్తున్నవాళ్లవి, వాళ్ల ఇంటివాళ్లవి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం. పేర్లు ఇవ్వలేదు.

ప్రశ్న: సౌదీలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టీల్ ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను. వచ్చే జనవరికి 8 ఏళ్లు నిండుతాయి, కాంట్రాక్టు కూడా అప్పుడే అయిపోతుంది. జీతం అలవెన్సులతో కలిపి 1,800 రియాళ్లు. ఇక చాలు, దసరాకే రాజీనామా చేసి వచ్చేద్దామనుకుంటున్నాను. హిసాబ్, అంటే నాకు రావాల్సిన చివరి లెక్క డబ్బు, నేను వెళ్లాక ఊరికి పంపిస్తామని కంపెనీవాళ్లు అంటున్నారు. నమ్మవచ్చా? (జగిత్యాల జిల్లా)

జవాబు: రెండు పనులు చేయకండి. దసరాకు రాకండి, హిసాబ్ చేతికందకుండా విమానం ఎక్కకండి.

ముందు లెక్క చూడండి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి 5 ఏళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ పూర్తి నెల జీతం సర్వీసు బెనిఫిట్‌గా ఇవ్వాలి. చివరి జీతమే దీనికి ఆధారం. జనవరి దాకా ఉంటే మీకు 900 చొప్పున అయిదేళ్లకు 4,500, మిగతా మూడేళ్లకు 5,400, మొత్తం 9,900 రియాళ్లు వస్తాయి. కాంట్రాక్టు గడువు ముగిసి, మీరు పొడిగించుకోకుండా వస్తే ఈ మొత్తమంతా మీదే.

మధ్యలో రాజీనామా చేస్తే కథ మారుతుంది. రెండేళ్లలోపు రాజీనామాకు ఏమీ రాదు. 2 నుంచి 5 ఏళ్ల లోపు మూడో వంతు, 5 నుంచి 10 ఏళ్ల లోపు మూడింట రెండు వంతులు, 10 దాటితేనే పూర్తి. దసరాకు మీ సర్వీసు సుమారు 7 ఏళ్ల 9 నెలలు. లెక్క 9,450 అవుతుంది, అందులో మూడింట రెండు వంతులంటే 6,300. మూడు నెలలు ముందు బయల్దేరినందుకు 3,600 రియాళ్లు, అంటే మీ రెండు నెలల జీతం, అక్కడే వదిలేసి రావడం. పైగా గడువున్న కాంట్రాక్టును కారణం లేకుండా మధ్యలో తెంచుకుంటే కంపెనీ ఎదురు నష్టపరిహారం అడగవచ్చు. కాబట్టి కాంట్రాక్టు పొడిగించుకోనని, అందులో రాసిన నోటీసు గడువు లోపలే, రాతపూర్వకంగా చెప్పండి. నోటితో సూపర్‌వైజర్‌కి చెప్తే చెప్పినట్టు కాదు. నోటీసు ఇవ్వకపోతే కాంట్రాక్టు దానంతటదే కొనసాగే ప్రమాదం ఉంది.

బెనిఫిట్ ఒక్కటే కాదు, వాడుకోని సెలవుల జీతం కూడా హిసాబ్‌లో ఉండాలి. ఏడాదికి 21 రోజులు, ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు దాటాక 30 రోజులు. చివరి రెండు మూడేళ్లు ఛుట్టీకి రానివాళ్లకు ఇదే పెద్ద మొత్తం అవుతుంది, కానీ అడగడం మర్చిపోతారు. కాంట్రాక్టు ముగిసి వచ్చేవాళ్లకు తిరుగు టికెట్టు యజమాని బాధ్యత.

ఇక "ఊరికి పంపిస్తాం" అన్న మాట. చట్టం ఇచ్చిన గడువు చిన్నదే: యజమాని వైపు నుంచి పని ముగిస్తే ఒక వారం, కార్మికుడి వైపు నుంచైతే రెండు వారాలు. అంతకు మించి ఆగమంటే అది వాళ్ల సౌకర్యమే కానీ నియమం కాదు. చివరి రోజుల్లో ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. అరబీలో దాన్ని ముఖాలసా అంటారు. నాకు రావాల్సిందంతా ముట్టింది, ఇక ఏ బాకీ లేదు అని దాని అర్థం. మోసం జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఎయిర్‌పోర్టుకి బండి బయల్దేరే ముందు పది కాగితాల మధ్య పెట్టి సంతకం చేయిస్తారు. ఫోను కెమెరాతో అనువాదం చేసుకుని చదవండి. అంకె ఖాళీగా ఉంటే సంతకం వద్దు. డబ్బు ఖాతాలో పడ్డ మెసేజ్ చూసుకున్నాకే సంతకం పెట్టి, ఒక కాపీ తీసుకోండి.

ఇవ్వకపోతే? ముందు కార్మిక శాఖ దగ్గర రాజీ కోసం ఫిర్యాదు పెట్టాలి, అక్కడ తేలకపోతే లేబర్ కోర్టు. పని ముగిసిన 12 నెలల్లోపు వేయాలి. ఊరికొచ్చాక కూడా మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్ ద్వారానో, ఎంబసీకి పవర్ ఆఫ్ అటార్నీ పంపో ప్రయత్నించవచ్చు. కానీ అక్కడ ఉండి రెండు వారాల్లో తేలే పని ఇక్కడి నుంచి ఏళ్లు పడుతుంది.

ఖురూజ్ నిహాయీ, అంటే ఫైనల్ ఎగ్జిట్ పడ్డాక దేశం వదలడానికి 60 రోజులు ఉంటాయి. అది పడకముందే చేయాల్సినవి ఉన్నాయి. అకామా, అంటే అక్కడి నివాస కార్డు, చెల్లకపోతే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది కాబట్టి డబ్బు ముందే పంపేసుకోవాలి. మీ అకామా మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి అన్నీ రద్దు చేయించండి. రూమ్‌మేట్‌కి ఇచ్చిన సిమ్ మీద రేపు ఏం జరిగినా పేరు మీదే. బండి మీ పేరున ఉంటే మార్పించండి, చలాన్లు కట్టండి. సర్వీసు సర్టిఫికెట్టు, చివరి ఆరు నెలల జీతం స్లిప్పులు, కాంట్రాక్టు కాపీ మెయిల్‌లో పెట్టుకోండి.

ఒక మాట: ఇళ్లలో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్ల నిబంధనలు వేరు. ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా, ఉన్నవాళ్లు ముందు ఎంబసీని కలవాలి. నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్లొద్దు.

ప్రశ్న: అబుదాబీలో 11 ఏళ్లుగా సెక్యూరిటీ గార్డుని. అలవెన్సులతో నెలకు 2,200 దిర్హాములు, కాంట్రాక్టులో బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 1,200. గ్రాట్యుటీ నా లెక్కలో 20,900 వస్తుంటే కంపెనీ 11,400 అంటోంది. మోసమా? (కోనసీమ జిల్లా)

జవాబు: మీ కాంట్రాక్టులో బేసిక్ 1,200 అని రాశారు కదా, అయితే కంపెనీ లెక్కే సరైనది. యూఏఈలో గ్రాట్యుటీ బేసిక్ మీదే, అలవెన్సులు కలవవు. రోజు బేసిక్ 40 దిర్హాములు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున 105 రోజులు, తర్వాతి ఆరేళ్లకు 30 రోజుల చొప్పున 180 రోజులు. 285ను 40తో గుణిస్తే 11,400. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, పని ముగిసిన 14 రోజుల్లో ఇవ్వాలి. కొత్తగా వెళ్లేవాళ్లు బేసిక్ ఎంత రాశారో చూసుకునే సంతకం చేయాలి.

క్రెడిట్ కార్డు, బ్యాంకు లోన్ ఉంటే కట్టేసి, బాకీ లేదన్న లెటరు తీసుకోండి. వాడడం ఆపేస్తే కార్డు మూసినట్టు కాదు. ఏడాది ఫీజు పడి, దాని మీద వడ్డీ పడి, చివరికి అది కేసు దాకా వెళ్తుంది. మళ్లీ ఎప్పుడైనా దుబాయ్‌లో దిగినప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: మా ఆయన 14 ఏళ్ల తర్వాత గల్ఫ్ వదిలి వస్తున్నారు. ఇన్నాళ్లూ నెలకు 25 వేలు పంపేవారు. ఇల్లు కట్టినప్పటి అప్పు 6 లక్షలు ఉంది, రెండు రూపాయల వడ్డీ. వచ్చేటప్పుడు అంతా కలిపి 9 లక్షలు తెస్తారు. మా మరిది, ఆడబిడ్డ భర్త ఇద్దరూ ట్రాక్టరు కొనమంటున్నారు. అప్పు మెల్లగా తీర్చవచ్చట. నాకు భయంగా ఉంది. ఇంకొకటి, ఇన్నేళ్లూ ఇల్లు, పిల్లల్ని నేనే చూసుకున్నాను, పెద్దాడికి పదిహేనేళ్లు. ఇప్పుడు ఎలా ఉంటుందో అర్థం కావడం లేదు. (కామారెడ్డి జిల్లా)

జవాబు: మీ భయం సరైనదే, అమ్మా. లెక్కతో చెప్తాం, ఆయనకు చూపించండి.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షలకు నెలకు 12,000. ఆ డబ్బు బ్యాంకులో 7 శాతానికి వేసినా నెలకు 3,500 రాదా అంటే వస్తుంది, అంతే. అంటే అప్పు ఉంచుకుని డబ్బు దాచుకుంటే నెలకు 8,500 నష్టం. అప్పు తీర్చడం కన్నా ఖాయమైన రాబడి మీ ఊళ్లో ఏ వ్యాపారంలోనూ లేదు. మొదటి వారంలోనే తీర్చేయండి. తీర్చేటప్పుడు ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకోండి. "ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తా" అంటే డబ్బు ఇవ్వకండి. కనీసం చెల్లు రసీదు, ఇద్దరు సాక్షుల సంతకాలతో రాయించుకోండి. నోటు చేతిలో ఉన్నవాడు మూడేళ్లలోపు కోర్టుకి వెళ్లగలడు. నోటు వెనక మధ్యలో ఎప్పుడో జమ రాసి మీవాళ్లు సంతకం చేసి ఉంటే, ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా ఇస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు ఇంకో సంగతి గమనించండి. నెలకు 25 వేలలో 12 వేలు వడ్డీకే పోతున్నాయి. అంటే మీ ఇల్లు నిజంగా నడుస్తున్నది 13 వేలతో. అప్పు తీరిన మరునాడు ఆయన 25 వేలు సంపాదించనక్కర్లేదు, 13 వేలు వస్తే పాత ఇల్లే నడుస్తుంది. ఈ ఒక్క అంకె తెలియకనే చాలామంది కంగారుపడి, వచ్చిన రెండో నెలలోనే ఏదో ఒకటి కొనేస్తారు.

మిగిలిన 3 లక్షల్లో లక్ష ఆరు నెలల ఇంటి ఖర్చుకి, పిల్లల ఫీజుకి విడిగా పెట్టండి. రెండు లక్షలు ఆరు నెలల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి. ఎవరైనా చేబదులు అడిగితే "డిపాజిట్‌లో ఉంది" అన్నది నిజమైన జవాబే అవుతుంది. గల్ఫ్ నుంచి వచ్చినవాడిని మొదటి నెలలో అప్పు అడగని చుట్టం ఉండడు. దావత్ ఒక్కటి ఇవ్వండి, ఒక్కటే.

ట్రాక్టరు వద్దనడానికి కారణం: కిస్తీ ప్రతి ఆరు నెలలకో మూడు నెలలకో తప్పదు, పని మాత్రం దుక్కుల్లో, కోతల్లోనే ఉంటుంది. కొనేముందు మీ ఊళ్లో, చుట్టుపక్కల మూడు ఊళ్లలో ఎన్ని ట్రాక్టర్లు ఉన్నాయో, ఒక్కోదానికి పోయిన ఏడాది ఎన్ని గంటల పని దొరికిందో, అందులో ఎంత ఉద్దెర ఉండిపోయిందో ఆయన్నే వెళ్లి అడిగి రాసుకు రమ్మనండి. ఇంజను దగ్గరి మీటరులో గంటలు ఉంటాయి, ఎవరూ అబద్ధం చెప్పలేరు. ఆ తర్వాత కూడా లాభం కనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఇంటి పెత్తనం సంగతి. ఆయన దృష్టిలో ఊరు 14 ఏళ్ల కిందటి ధరల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. సెలవుల్లో వచ్చిన నలభై రోజులు ఆయన చుట్టంలా ఉన్నారు. కాబట్టి మొదటి రోజే తాళాలు అప్పగించడం, లేదా అస్సలు అప్పగించకపోవడం, రెండూ గొడవకే దారితీస్తాయి. ఆయన రాకముందు మూడు నెలల ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి: పాలు, కిరాణా, కరెంటు, గ్యాస్, ఫీజులు, మందులు, చీటీ, పెళ్లిళ్ల చదివింపులు. "ఇన్ని డబ్బులు పంపాను, ఏమయ్యాయి?" అన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. నోటితో జవాబు చెప్తే అది వాదన అవుతుంది, పుస్తకం చూపిస్తే కాదు. వచ్చాక మొదటి నెల కొనేది మీరు, వెంట వచ్చేది ఆయన. రెండో నెల నుంచి పనులు పంచుకోండి. బ్యాంకు, కరెంటు ఆఫీసు, పొలం కాగితాలు ఆయన చూసుకోవచ్చు. ఖాతా ఇద్దరి పేరున, ఎవరైనా తీసుకునే పద్ధతిలో పెట్టండి.

పిల్లల విషయంలో ఆయనకొక మాట చెప్పండి. పదిహేనేళ్ల కొడుకు నాన్నను ఫోన్లోనే చూశాడు. వచ్చిన వారానికే ఫోను లాక్కుని మందలిస్తే వాడు మీ కొంగు చాటుకి వస్తాడు, మీరిద్దరూ ఒక పక్క, ఆయనొక్కరే ఒక పక్క అయిపోతారు. మూడు నెలలు మందలించే పని మీదగ్గరే ఉండనివ్వండి. బడికి దింపడం, పొలానికి తీసుకెళ్లడం ఆయన చేయాలి.

ప్రశ్న: కువైట్ నుంచి వచ్చేశాను. రెండెకరాలు, బోరు ఉన్నాయి. పది ముర్రా గేదెలతో డెయిరీ పెడదామని షెడ్డుకి కొటేషన్ తీసుకున్నాను. (అన్నమయ్య జిల్లా)

జవాబు: షెడ్డు చివర, గడ్డి మొదట. మీరు తలకిందులుగా వెళ్తున్నారు.

గేదెకి రోజుకి 25 నుంచి 30 కిలోల పచ్చిగడ్డి, 5, 6 కిలోల ఎండుమేత కావాలి. ఏడాదికి ఒక్క గేదెకే దాదాపు 10 టన్నుల పచ్చిగడ్డి. నీళ్లు బాగా ఉన్న ఎకరా నేపియర్ అయిదారు గేదెలకు సరిపోతుందని లెక్కేసుకోండి, అంతకన్నా ఎక్కువ చెప్పేవాళ్లు గడ్డి కణుపులు అమ్మేవాళ్లు. నాటిన 70, 75 రోజులకు మొదటి కోత, తర్వాత 45 రోజులకోసారి. కాబట్టి ఈరోజు గడ్డి నాటితే గేదె రావాల్సింది రెండున్నర నెలల తర్వాత. మీ రాయలసీమ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎన్ని గంటలు పోస్తుందో దాన్నిబట్టే గేదెల సంఖ్య.

ముందు రెండు కొనండి. రెండో ఈతవి, ఈని నెలలోపువి. సంతలో పొదుగు నిండుగా కనిపించడం కోసం ముందు పూట పాలు పిండకుండా ఉంచుతారు. అందుకే వరసగా మూడు పూటలు మీ కళ్లముందే పిండించి, మొదటి పూట వదిలేసి మిగతా రెండు కలిపి లెక్కేసుకోండి. నాలుగు చన్నుల్లోనూ ధార సమానంగా రావాలి. గడ్డలు, పలుకులు, ఉప్పు రుచి ఉంటే పొదుగువాపు పడ్డదని అర్థం. సూది మందు ఇస్తేనే చేపే గేదె వద్దు.

ఈ రెండూ కొన్న అయిదారు నెలలకు మరో రెండు కొనండి, ఒకేసారి కాదు. గేదె సుమారు 300 రోజులు పాలిస్తుంది, ఈతకీ ఈతకీ మధ్య 14, 15 నెలలు పడుతుంది. అంటే నాలుగు నెలలకు పైగా పాలు లేకుండా తింటూనే ఉంటుంది. పదీ ఒకేసారి కొంటే పదీ ఒకేసారి ఎండిపోతాయి. ఆ నెలల్లో దాణా బిల్లు కట్టలేక సగం ధరకు అమ్ముకుంటారు. డెయిరీలు మూతపడేది చాలావరకు ఇలాగే.

దాణా పాలిచ్చే గేదెకు ప్రతి 2 లీటర్ల పాలకి కిలో, ఒంటి పోషణకు మరో కిలో. 8 లీటర్ల గేదెకు 5 కిలోలు. మీ దగ్గరి పాలకేంద్రంలో వెన్న శాతానికి ఎంత కడుతున్నారో, ఎన్ని రోజులకోసారి కడుతున్నారో తెలుసుకుని, ఈ దాణా ధరతో పోల్చండి. రెండు గేదెల లెక్క గట్టెక్కకపోతే మూడో గేదె వద్దు. ఎండాకాలంలో గేదె ఎదకు వచ్చినా అరవదు, దాన్నే మూగ ఎద అంటారు. తెల్లవారుజామున తీగలు, చిక్కటి ద్రవం చూసుకోవాలి. కనిపించిన 10, 12 గంటలకు చూలు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. ఒక్కసారి తప్పితే 21 రోజుల మేత వృథా. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు, గొంతువాపుకు వానలకు ముందు టీకాలు మర్చిపోవద్దు.

ప్రశ్న: దమ్మాంలో ట్రెయిలర్ నడిపాను. ఇక్కడి లైసెన్సు గడువు మూడేళ్ల కింద ముగిసింది. సౌదీ లైసెన్సు చూపిస్తే చాలా? (నిజామాబాద్ జిల్లా)

జవాబు: చాలదు. గడువు దాటి ఏడాది లోపైతే ఆలస్య రుసుముతో రెన్యువల్ అయ్యేది. ఏడాది దాటింది కాబట్టి మళ్లీ డ్రైవింగ్ పరీక్ష తప్పదు. స్లాట్ బుక్ చేసుకోండి. అక్కడ కుడివైపు నడిపారు, ఇక్కడ ఎడమ. ఎంత అనుభవం ఉన్నా రెండు వారాలు ఖాళీ రోడ్డు మీద తిప్పాకే పరీక్షకు వెళ్లండి. మలుపుల దగ్గర చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

ప్రశ్న: విదేశంలో ఉన్నప్పుడు అక్కడి సంపాదన వేసుకున్న ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అందులో డిపాజిట్ అలాగే ఉంచుకోవచ్చా? (కరీంనగర్)

జవాబు: శాశ్వతంగా వచ్చాక ఉంచకూడదు. బ్యాంకుకి చెప్పి రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు ఆ హోదా ఉన్నంతవరకే. విదేశీ కరెన్సీలోనే ఉండే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ మాత్రం గడువు తీరేదాకా ఉంచుకోవచ్చు. గడిచిన పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్నారైగా ఉన్నవాళ్లకు మొదట్లో పన్ను లెక్కల్లో ప్రత్యేక హోదా ఉంటుంది, విదేశంలో వచ్చే ఆదాయానికి ఇక్కడ పన్ను పడదు. ఆధార్‌కి, ఖాతాకి ఇక్కడి నంబరు ముందే జతచేయండి. గల్ఫ్ నంబరు రద్దయ్యాక ఓటీపీ ఎక్కడికి వస్తుంది? రేషన్ కార్డులో మీ పేరుందా, ఈకేవైసీ అయిందా అన్నది కూడా చూసుకోండి. ఆసుపత్రి అవసరం పడినప్పుడు ఆ కార్డు పనికొస్తుంది.

ప్రశ్న: వచ్చి నాలుగు నెలలైంది. నిద్ర పట్టదు. రాత్రి రెండింటికే మెలకువ. బయటికి వెళ్తే "మళ్లీ ఎప్పుడు పోతవ్?" అంటారు. ఒక ఏజెంటు లక్షన్నరకు ఆజాద్ వీసా ఇప్పిస్తానంటున్నాడు. వయసు 46. పోదామనిపిస్తోంది. (రాజన్న సిరిసిల్ల జిల్లా)

జవాబు: ఏజెంటుకి డబ్బు కట్టే ముందు ఒంటిని చూపించుకోండి. ఏళ్లపాటు ఎండలో, నీళ్లు తక్కువ తాగుతూ, నొప్పి మాత్రలు మింగుతూ పనిచేసినవాళ్లకు మూత్రపిండాల మీద భారం పడి ఉండవచ్చు. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, మూడు నెలల సగటు షుగర్, బీపీ, విటమిన్ డి పరీక్షలు చేయించండి. షుగర్ ఉన్నవాళ్లకు రాత్రి మూత్రానికి లేచి నిద్ర చెడుతుంది. అది దిగులు అనుకుంటారు.

పరీక్షలు బాగుండీ నిద్ర లేకపోతే, ఆకలి తగ్గితే, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. నిద్ర కోసం తాగుడు అలవాటు చేసుకోవద్దు. తాగితే నిద్ర తొందరగా పడుతుంది, మీరు చెప్పిన రెండింటి మెలకువను అదే తెస్తుంది. పగలు పడుకోకండి, పొద్దున్నే లేచి వెళ్లాల్సిన చోటు ఒకటి పెట్టుకోండి. జీతం తక్కువైనా సరే. ఇన్నేళ్లూ మీ రోజు సైరన్‌తో మొదలైంది, ఇప్పుడు మొదలయ్యే చోటే లేదు.

ఆజాద్ వీసా అని చట్టంలో ఏదీ లేదు. ఒకరి పేరున వెళ్లి వేరేచోట పనిచేయడం అక్కడ నేరం. మన ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతే. ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో అతని లైసెన్సు నంబరు కొట్టి చూడండి. లక్షన్నర అడిగాడంటేనే మీకు జవాబు దొరికినట్టు. ఊళ్లో అడిగేవాళ్లకు "పోను, ఇక్కడే పని చూస్తున్న" అని ఒక్కటే మాట చెప్పండి, ఎవరడిగినా అదే. పది మందికి చెప్పేసరికి వాళ్లే పని ఉన్నచోటు చెప్పడం మొదలుపెడతారు.